కెమెరాల ఉస్తాద్

నాకు సీసీ కెమెరాల పని నేర్పిన ఉస్తాద్ పోయిన నెల తాండూరులో చనిపోయారు. నాతో ఫోన్లో మాట్లాడిన ఐదు నిమిషాలకే పోయారు.

ఆయనది ధారూర్. వికారాబాద్‌లో మొదట టీవీలు బాగుచేసేవారు, తర్వాత కెమెరాలకు మారారు. గొర్లు కాచుకునే మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి ఆడపిల్లను నేను. పని అడిగితే, "నిచ్చెన ఎక్కుతవా బిడ్డ?" అన్నారు. ఎక్కుతానన్నాను. ఇంకేం అడగలేదు.

మొదటి వారంలోనే రెండు కెమెరాలకు ఒకే ఐపీ అడ్రస్ పెట్టాను. ఒకదాని బొమ్మ వస్తే ఇంకోదానిది పోతోంది. గంటసేపు వైర్లు పీకి పెడుతుంటే ఆయన చాయ్ తాగుతూ చూశారు. చివరికి, "రెండిండ్లకు ఒకటే నంబరుంటే ఉత్తరం యాడికి పోవాలె?" అన్నారు. కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డ్ మార్చకుండా వస్తే మాత్రం ఊరుకునేవారు కాదు. "తాళమేసి చాబీ దర్వాజకే యేలాడదీసొచ్చినవ్" అని మళ్లీ బస్సెక్కించేవారు.

పూడూరులో ఒక దుకాణదారు ఎదురింటి తలుపు కూడా కనిపించాలన్నాడు. ఉస్తాద్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి, తెర మీద ఆ తలుపు ఉన్నంత మేర నల్లటి పట్టీ వేశారు. "నీ దుకాణం నువ్వు సూస్కో సేటు. గా ఆకిలి ఆళ్లది." అతను మళ్లీ మమ్మల్ని పిలవలేదు. ఉస్తాద్ ఫికర్ చేయలేదు.

ఆయన పోయిన రోజు తాండూరులో నాపరాళ్లు పాలిష్ పట్టే చోట కెమెరాలు పెడుతున్నారు. నేను వికారాబాద్ దుకాణంలో కూర్చుని కంప్యూటర్లో బొమ్మలు సరిచూస్తున్నాను. రాళ్ల దొంతరల వైపున్న ఆఖరి కెమెరా తిప్పి, "సాఫ్ గానొస్తున్నదా?" అని అడిగారు. వస్తోందన్నాను. ఫోన్ పెట్టేసి నిచ్చెన దిగారు. రెండడుగులు వేసి, ఛాతీ పట్టుకుని రాళ్ల మీద కూర్చుండిపోయారు.

ఫోన్ చేశాను. ఎత్తలేదు. ఆ పాలిష్ మిషన్ల యజమానికి చేశాను. చప్పుడులో అతనికి వినిపించినట్టు లేదు. అంబులెన్స్‌కు చేశాను, మళ్లీ యజమానికి చేశాను. ఆ కెమెరాలోంచి మన మాట అవతలికి వినిపించదు. ఏం చేయాలో తోచక జూమ్ చేశాను. ఆయన ముఖం పెద్దదయింది, అంతే. నాలుగోసారికి యజమాని ఎత్తాడు. మనుషులు పరుగెత్తుకు రావడం చూశాను. అప్పటికే ఆయన పక్కకు ఒరిగిపోయి ఉన్నారు.

ధారూర్‌లో సమాధి చేసి వచ్చాక, నేను అమ్మ అనే ఉస్తాద్ భార్య నన్ను పక్కకు పిలిచారు. "పొద్దుగాల్నే ఛాతిల మంటగున్నదన్నడు. దవాఖానకు పోదమంటె కోపం జేసి పోయిండు. డబ్బా కట్టిచ్చిన గని... తిన్నడా బిడ్డ ఆనాడు?"

నాకు తెలియదు. మర్నాడు దుకాణం తెరిచి, తాండూరులో ఆనాడు పొద్దున్నే ఆయన బిగించిన గేటు కెమెరా రికార్డింగ్ వెనక్కి తిప్పాను. ఒంటిగంటకు దొరికారు. రేకుల నీడలో ఇద్దరు కూలీలతో కూర్చున్నారు. జొన్నరొట్టె విరిచి సగం పక్కవాళ్లకిచ్చి, మిగిలింది తిన్నారు.

అమ్మకు ఫోన్ చేసి తిన్నారని చెప్పాను. నా ఎదురుగా తెర మీద ఉస్తాద్ డబ్బా కడుక్కుని, నీళ్లు దులిపి, ఎండలో ఒక రాయి మీద ఆరబెడుతున్నారు.