తాత పక్కన జాగా

మా ఇంట్లో ఆమెకు పేరు లేదు. నర్సంపేటామె అనేవాళ్ళు, అదీ బాపమ్మ వినకుండా. మా తాత బాపమ్మనూ పిల్లల్నీ వరంగల్‌లో వదిలేసి కొన్నేళ్ళు ఆమె దగ్గరే ఉన్నాడు. ఒంట్లో బలం తగ్గాక తిరిగొచ్చాడు. కొందరు మగవాళ్ళకు అప్పుడే ఇంటి దారి గుర్తొస్తుంది. ఆదివారం చర్చిలో నిలబడి తప్పు ఒప్పుకుంటే సంఘం క్షమించి మళ్ళీ రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్లకు చేర్చుకుంది. తాత పోయినప్పుడు పాటలు పాడుతూ సాగనంపారు. ఆమె మాత్రం సిగ్గుతో ఒప్పుకోలుకు రాలేదు. ఆమెను సంఘం నుంచి తీసేశారు.

మా సమాధుల తోటలో భర్త పక్కన భార్యకు కాస్త జాగా వదిలి, చుట్టూ ఇటుకలు పేర్చేవారు. ఏటా ఈస్టరుకు ముందు తాత సమాధికి సున్నం వేసి, బాపమ్మ తన జాగాలో గడ్డి తానే పీక్కునేది. రాత్రికి పక్క దులుపుకున్నంత మామూలుగా.

పంతొమ్మిది వందల డెబ్బైల చివర్లో ఒక ఎండాకాలం నర్సంపేటామె వరంగల్ పెద్ద దవాఖానలో చనిపోయింది. ఆమె అన్న మా ఇంటికొచ్చాడు. మా నాన్న అప్పుడు సంఘపెద్ద. తోటలో ఇంత చోటిమ్మని అడిగితే, తీసేసినవాళ్ళకు ఇవ్వడం కుదరదని నాన్న మెల్లగానే చెప్పాడు. క్రైస్తవంలోకి మారిందని ఆమె సొంత ఊళ్ళో వాళ్ళు కూడా వద్దన్నారట. ఆ అన్న కండువాతో ముఖం తుడుచుకుని గడప దగ్గరే కూర్చుండిపోయాడు.

బియ్యం చెరుగుతున్న బాపమ్మ చాట పక్కన పెట్టింది.

"నా జాగల పెట్టుండ్రి."

నాన్న చప్పున లేచాడు. "నాయిన పక్కనా అవ్వా? ఒప్పుకోలుకు సుత రాలేదు గదా. ఏం జూసి ఇస్తవ్?" అన్నాడు.

"సూసి ఇస్తే కూలి అయితది. నాకు దేవుడు ఏం జూసి ఇచ్చిండు? తప్పు ఇద్దరిది. ఆయనను మాఫ్ జేసిండ్రు, ఆమెను ఇడిశిపెట్టిండ్రు."

కుటుంబం జాగాకు పెద్దలు అడ్డు చెప్పలేరు. సాయంత్రానికి ఆమెను తాత పక్కన పెట్టారు. బాపమ్మ వెళ్ళలేదు. పొయ్యి ముందు కూర్చుని ఏడ్చింది, దగ్గరికెళ్తే పొగ అని కసిరింది. ఇచ్చినందుకు ఏడ్చిందో, ఇన్నాళ్ళ బాధకు ఏడ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు.

మరుసటి ఈస్టరుకు ముందు బాపమ్మ ఎప్పటిలాగే తోటకు వచ్చింది. రెండు సమాధుల చుట్టూ గడ్డి పీకుతూ ఇద్దరినీ తిట్టింది. చనిపోయినవాళ్ళంతా లేచే పునరుత్థానం రోజు తాత లేచేసరికి నువ్వు పక్కన ఉండవు కదా అన్నాను.

"బతికినన్ని రోజులు నేను ఎదురుసూసిన. ఆయననే ఎతుక్కుంట రానియ్యి, జర నడువనియ్యి."

ఎనభైల్లో బాపమ్మ పోయింది. తోట అప్పటికే నిండిపోయింది. గేటు దగ్గర గోడవారన కాస్త చోటు దొరికింది. తాత దగ్గర నుంచి అక్కడికి బాగానే నడవాలి.