విశ్వవిద్యాలయం మొత్తానికి ఒకే పాఠకురాలు

మా విశ్వవిద్యాలయ గ్రంథపాలకురాలు శ్రీమతి మార్త సుగుణ గారు ఇక లేరన్న దుర్వార్త నాకు రాజాం సంతలో, వంకాయల బేరం మధ్యలో అందింది. ఫోనులో వారి భర్త ఆనందరావు గారి గొంతు. "బాబూ, మీ మేడం ఎల్లిపోనాదయ్యా. పొద్దున్న టీ కలుపుతా కలుపుతా కూలబడిపోనాది" అన్నారు. ఎదుట వంకాయలావిడ "ఏటి బాబూ, తీసుకుంతావా, మానేస్తావా?" అని కసురుతోంది. ఆమె అడిగినంతా ఆమె చేతిలో పెట్టి, సంచీ అక్కడే వదిలేసి వచ్చేశాను. గిన్నెల కొట్లో పుట్టి పెరిగినవాణ్ణి. అడిగిన ధర అడిగినట్టు ఇచ్చి రావడం నా జన్మలో అదే ప్రథమం. ఆ వార్త నన్నెంత విహ్వలుణ్ణి చేసిందో చెప్పడానికి ఇంతకన్నా గట్టి నిదర్శనం నా దగ్గర లేదు.

గ్రంథాలయమంటే నిశ్శబ్దానికి నిలయమని లోకం అనుకుంటుంది. సుగుణ గారు ఉన్నచోట ఆ భాగ్యం ఉండేది కాదు. నరసన్నపేట దగ్గరి పల్లెలో, బాప్టిస్టు సంఘానికి చెందిన కుటుంబంలో పుట్టారు. చిన్నప్పుడు చర్చిలో మైకు లేకుండా పాడిన కంఠం అది. 'నిశ్శబ్దం పాటించండి' అన్న బోర్డు కింద కూర్చుని, అవతలి గదిలో ఉన్నవాణ్ణి పేరు పెట్టి కేకేసేవారు. ఎవరైనా ఆ బోర్డు చూపిస్తే, "అది మీకు పెట్టింది, నాక్కాదు" అనేవారు.

వాణిజ్యశాస్త్రం బోధించే నన్ను గ్రంథాలయ సంఘంలో వేసింది నా పాండిత్యం చూసి కాదు. ఇంటర్నెట్లో పరిశోధన పత్రికలు అమ్మే కంపెనీలతో బేరమాడడానికి ఒక కొట్టువాడి కొడుకు అవసరమయ్యాడు. మొదటి సమావేశంలో నా బేరం ప్రతాపాన్ని నేనే సవిస్తరంగా వర్ణించుకుంటుంటే సుగుణ గారు ఓపికగా విని, "సరుకు బాగానే దించావు షావుకారూ. కొట్టుకి తలుపేదీ?" అన్నారు. ఆనాటి నుంచి నేను వారికి షావుకారునే.

వారి ప్రశ్న న్యాయమైనదే. ఊళ్ళ నుంచి వచ్చే మా పిల్లలు ఇంటి దగ్గర కూర్చుని ఫోనులోనే ఆ పత్రికలు చదువుకోవాలన్న సదుద్దేశంతో విశ్వవిద్యాలయం ఏకద్వార ప్రవేశం అనే ఏర్పాటు చేసింది. ఒకే పేరు, ఒకే పాస్‌వర్డు, అన్ని పత్రికలకూ అదే తాళంచెవి. వినడానికి సుఖంగానే ఉంది. కానీ పత్రిక లింకు నొక్కితే ముందు కంపెనీవారి పేజీ వచ్చేది. అందులో కొట్టొచ్చినట్టు కనిపించే ఒక లాగిన్ పెట్టె. పిల్లలు మన పాస్‌వర్డు అందులో కొట్టేవారు. చెల్లదనేది. అసలు దారి ఆ పెట్టె కింద, చీమ తలంత అక్షరాలతో, 'మీ సంస్థ ద్వారా రండి' అన్న లింకులో ఉండేది. దాన్ని కనిపెట్టి నొక్కితే ప్రపంచంలోని సంస్థలన్నీ వరసగా వచ్చేవి. మన పిల్లలు వాటిలో తాము చదివిన డిగ్రీ కాలేజీ పేరు వెతుక్కుని, దొరక్క వెనక్కి వచ్చేసేవారు. దొరకబుచ్చుకుని విశ్వవిద్యాలయం పేరే నొక్కినవాళ్ళని ఓటీపీ అడిగేది. అది కూడా ఇస్తే తెల్లటి ఖాళీ పేజీ వచ్చేది. నిజానికి అప్పటికి లోపలికి వచ్చేసినట్టే. ఆ సంగతి చెప్పేవారు లేక వాళ్ళు మళ్ళీ మొదటికొచ్చేవారు.

సుగుణ గారి బల్ల మీది ఫోను రోజంతా మోగేది.

"మేడమ్మా, లోపలికి ఎల్లనివ్వట్లేదండి."

"ఏటి కనిపిస్తన్నాది సెప్పమ్మా."

"సక్రం తిరుగుతన్నాదండి."

"దాన్ని తిరగనీ. నువ్వు తిరక్కు. ఇప్పుడేటి?"

"డబ్బులు కట్టమంతన్నాదండి."

"కట్టకు! కట్టావంటే నీ ఈపు పగిలిపోతాది! ఫోనెట్టీకుండా అక్కడే ఉండు."

ఇలాంటి ఒక రోజున పొందూరు నేతవారి అమ్మాయి లలిత వచ్చి ఎదుట నిలబడి కన్నీళ్ళు పెట్టుకుంది. నూలు వడకడం మీద పరిశోధన చేస్తున్న పిల్ల. వ్యాసం మర్నాడే ఇవ్వాలి, ద్వారం తెరుచుకోదు. సుగుణ గారి హృదయం కరిగింది. తమ పేరూ, తమ పాస్‌వర్డూ ఆ పిల్ల చెవిలో చెప్పారు. చెవిలో చెప్పడమంటే, ముందే మనవి చేశాను కదా, ఆ హాల్లో కూర్చున్నవాళ్ళందరికీ చెప్పడమే.

మన ప్రాంతంలో పొరుగింటివాడు నిచ్చెన అడిగితే లేదనం. అతని దగ్గర ఇంకొకరు తీసుకెళ్తే ఆరా తీయం. ఆ పాస్‌వర్డూ అలాగే వెళ్ళింది. లలిత హాస్టలు గదిలోవాళ్ళకి ఇచ్చింది, వాళ్ళు బావలకీ వదినలకీ ఇచ్చారు, బావలు ప్రొఫెసర్లకి ఇచ్చారు. ఎవరూ దొంగతనమనుకోలేదు. "మేడం గారిది ఉన్నాది కదా, మనకి వేరే ఎందుకు?" అన్నదే అందరి మాట.

పాస్‌వర్డు ఏమిటంటారా? 'చిట్టిబావ'. ఆనందరావు గారు వారికి సొంత మేనబావ. పెళ్ళికి ముందు నుంచీ ఆమె పిలిచే ముద్దుపేరు అది. ఇంట్లో తప్ప ఎక్కడా పలకని ఆ పేరును ఇంజనీరింగు నుంచి న్యాయశాస్త్రం దాకా అందరూ భక్తిగా టైపు చేయసాగారు. పాపం ఆనందరావు గారికి ఈ కీర్తి సంగతి తెలియదు. శ్రీకాకుళం బజార్లో ముక్కూమొహం తెలియని కుర్రకారు "నమస్తే చిట్టిబావ గారండీ" అంటుంటే బిత్తరపోయి, ఒకనాడు లైబ్రరీకే వచ్చి నిలదీశారు.

"ఏటే ఇది? ఊరందరికీ నాను బావనెప్పుడైపోనాను?"

"ఊరుకో బావా. నీ పేరు సెప్పుకుని పిల్లలు పాసవుతన్నారు."

ఆయన మొహమాటంగా నవ్వి వెళ్ళిపోయారు. వెళ్ళేటప్పుడు మీసం సవరించుకున్నారని నా అనుమానం.

అసలు ఉపద్రవం చందాలు పునరుద్ధరించే సమావేశంలో వచ్చింది. మా ఆర్థికాధికారి కంప్యూటరు ఇచ్చిన నివేదిక చేత్తో పట్టుకుని గంభీరంగా అన్నారు: "ఏడాది పొడుగునా ఈ పత్రికలు చదివినవారు ఒక్కరే. మన గ్రంథపాలకురాలు. ఒక్క పాఠకురాలి కోసం ఇంత ఖర్చా? ఆపేద్దాం." తరువాత కుతూహలం ఆపుకోలేక అడిగారు: "అమ్మా, రొయ్యల రోగాలు, కాంక్రీటు పగుళ్ళు, కౌలుదారీ చట్టం, కొబ్బరి తెగులు... ఇవన్నీ మీరే చదివారా?"

"నానేనండి. కావలిస్తే పరీక్ష పెట్టండి."

ఆయన నిజంగానే కొబ్బరి తెగులు గురించి అడిగారు. ఈమె పుట్టింటి తోట తలుచుకుని మొవ్వు కుళ్ళు మొదలు ఎర్రముక్కు పురుగు దాకా అనర్గళంగా ఉపన్యసించారు. రొయ్యల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆగారు. నవ్వు మానేసి నిలబడి, "నా పేరు నానే ఇచ్చానండి. తప్పు నాదే. పిల్లలు సదివినారు, గుమ్మం దాటలేక నా పేరున దాటినారు. ఇది ఆపేస్తే వాళ్ళకింక దారి లేదు. ఏడాది గడువివ్వండి, ఎవరి పేరున వాళ్ళని లోపలికి తెస్తాను" అన్నారు.

పాస్‌వర్డు పంచుకున్నట్టు కంపెనీలకి తెలిస్తే మొత్తం విశ్వవిద్యాలయానికే తలుపులు మూసేస్తాయి. చివరికి ఒక్క ఏడాది గడువు దొరికింది. అప్పటికీ నివేదికలో ఒకే పేరు కనిపిస్తే పత్రికలన్నీ రద్దు, ఆమె మీద విచారణ. పదవీ విరమణకి చేరువైన మనిషి. ఆమెను కనిపెట్టి ఉండే పని నాకు అప్పగించారు.

బయటికి రాగానే నా వర్తక బుద్ధి చెప్పాను. "అమ్మా, ఈ రోజే మీ పాస్‌వర్డు మార్చేయండి. పాత తలుపుకి షట్టరు దించితే జనం కొత్త తలుపుకి వాళ్ళే వస్తారు."

"నీది కొట్టు, షావుకారూ. షట్టరు దించితే నీ గిరాకీ పక్క కొట్టుకెల్తాడు. నా పిల్ల పక్క కొట్టుకెల్లదు, సదువు మానేస్తాది. ముందు కొత్త గుమ్మం తిన్నగా ఉండాల. అందరూ దాటినాకే పాతది మూద్దాం."

అలా మొదలైంది వారి భగీరథ ప్రయత్నం. కంప్యూటరు కేంద్రం శ్రీధర్ గారి పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని, కంపెనీ గుమ్మం దగ్గర ఆగి సంస్థ పేరు చెప్పుకునే అవసరం లేకుండా, నొక్కగానే నేరుగా మన విశ్వవిద్యాలయం పేజీకే వచ్చే లింకులు పెట్టించారు. 'మీకు అనుమతి లేదు' అని ఇంగ్లీషులో గద్దించే చోట, 'తప్పు నీది కాదు. లైబ్రరీకి ఫోన్ చెయ్యి' అని తెలుగులో రాయించారు. ఖాళీ పేజీ స్థానంలో 'లోపలికొచ్చేశావు. ఇక చదువుకో' అన్న మాట వచ్చింది. అధికార భాషలో లేదని శ్రీధర్ గారు నసిగితే, "ఇంటికొచ్చినోడితో అధికార భాష మాటాడతావేటి?" అని నోరు మూయించారు.

ప్రతి మార్పునూ ముందు నా మీద ప్రయోగించేవారు. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, తాము చేతులు వెనక్కి కట్టుకుని నిలబడేవారు. సాయం చేయాలన్న ఆత్రాన్ని అలా అదుపు చేసుకునేవారు. నేను తప్పుడు చోట నొక్కినప్పుడల్లా వారి గొంతులోంచి ఒక మూలుగు వచ్చేది. "నన్నే ఎందుకమ్మా ఎంచుకున్నారు?" అని కొంచెం గర్వంగానే అడిగాను. "నీ అంత తొందరోడు, ఏదీ సదవకుండా నొక్కేసేవోడు ఈ రెండు జిల్లాల్లో లేడు. నువ్వు దాటితే ఎవడైనా దాటతాడు" అన్నారు.

తరువాత మనిషి మనిషినీ పట్టుకున్నారు. క్యాంటీన్లో, బస్సు దగ్గర, చివరికి లలిత పెళ్ళి విందులో కూడా. "ఒరే, నీ పేరున లోపలికెల్లి నాకొక పేజీ సదివి వినిపించు. అప్పుడు లడ్డూ తిను." లలిత మాత్రం పెళ్ళిపీటల మీది నుంచే "నాను ఎప్పుడో నా పేరు పెట్టేసుకున్నాను మేడమ్మా!" అని అరిచింది. పురోహితుడు మంత్రం ఆపాడు.

మరుసటి ఏడాది నివేదికను ఆర్థికాధికారి పేజీలు తిప్పుతూ తిప్పుతూ చూశారు. అన్ని శాఖల పేర్లూ ఉన్నాయి. వెతికి వెతికి, "అమ్మా, ఇందులో మీ పేరు అట్టడుగున ఎక్కడో ఉందే?" అన్నారు.

"నాకు సదివే తీరుబాటు ఎక్కడున్నాదండీ?" అన్నారు సుగుణ గారు. పత్రికలు నిలిచాయి. విచారణ ఊసే రాలేదు.

అట్టడుగునైనా ఆ పేరు ఉందంటే, ఎవరో కొందరు ఇంకా పాత గుమ్మంలోంచే వస్తున్నారన్నమాట. "సెమిస్టరు అయిపోనీ, అప్పుడు మూద్దాం" అంటూ ఆమె వాయిదా వేస్తూనే వచ్చారు. ఇంతలో విధి ఆమెనే పిలుచుకుంది.

మట్టి చేసి వచ్చిన వారం శ్రీధర్ గారు ఫోన్ చేశారు. మరణించిన ఉద్యోగి ఖాతా మూసేయాలన్నది నియమం. "మూసేస్తే ఎవరైనా బయట ఉండిపోతారంటారా?" అని నన్నే అడిగారు. పరీక్షలయ్యేదాకా ఆగమని బేరమాడాను. రెండు రోజులిచ్చారు. ఇంకో రోజు గుంజాను. ఆ తరువాత మూసేశారు.

ఆ ఉదయం నేను సెలవు పెట్టి లైబ్రరీకి వెళ్ళాను. వారి కుర్చీలో కూర్చునే ధైర్యం లేక పక్కన స్టూలు వేసుకుని ఫోను దగ్గర కూర్చున్నాను. బయట ఉండిపోయినవాళ్ళు ఫోన్ చేస్తారు, ఏం చెప్పాలో మనసులో వల్లించుకున్నాను. "ఏటి కనిపిస్తన్నాది సెప్పమ్మా." నా నోట అది ఎబ్బెట్టుగానే ఉంది. అయినా సిద్ధంగా ఉన్నాను. హాల్లో పిల్లలు చదువుకుంటున్నారు. తమ తమ పేర్లతో లోపలికి వెళ్ళి, తలెత్తకుండా చదువుకుంటున్నారు. మధ్యాహ్నమైంది, సాయంత్రమైంది.

ఫోను మోగలేదు.

సుగుణమ్మ గారూ, తాము లేని లోటు ఎవరికీ తగలకుండా పని పూర్తిచేసి వెళ్ళడం మీకే చెల్లింది. దానికి చేతులెత్తి నమస్కరిస్తున్నాను. కానీ ఒక్కరైనా, ఒకే ఒక్కరైనా ఆ రోజు గుమ్మం దగ్గర తడబడి మిమ్మల్ని అడుగుతారని ఆశపడ్డాను. చెడిపోయిందేమోనని ఫోను ఎత్తి చెవి దగ్గర పెట్టుకుని చూశాను. శుభ్రంగా పనిచేస్తోంది. పెట్టేయబుద్ధి కాక చాలాసేపు అలాగే పట్టుకుని కూర్చున్నాను.