చదును చేసిన ఆట

మా బడి కొండవాలున ఉంది. మైదానంలో పుట్టి పెరిగి ఈ అరకు కొండల్లోకి టీచరుగా వచ్చిన కొత్తలో నాకు ఎటు చూసినా పల్లమే, ఎటు నడిచినా కాలు జారడమే. పిల్లలకు మాత్రం ఆ వాలే ఆటస్థలం. తాటిచెట్టులాంటి జీలుగు చెట్టు నుంచి రాలిన ఎండు మట్ట మీద ఒకరు కూర్చుంటే వెనకనుంచి ఇంకొకరు తోసేవారు. గడ్డి మీద జర్రున జారి కింద పొదల దగ్గర ఆగేవారు. మోకాలు గీసుకుపోతే కాస్త ఉమ్ము రాసుకుని మళ్లీ పైకెక్కేవారు. ఆ ఆట వాళ్లకు ఎవరూ నేర్పలేదు. అందుకే బాగా ఆడేవారు.

మూడో తరగతిలో ఒక పిల్ల ఉండేది. ఇంట్లో మాట్లాడేది కువి, బళ్లో వినేది తెలుగు. తరగతిలో నోరు విప్పేది కాదు. హాజరు పిలిస్తే చెయ్యెత్తేది, అంతే. అలాంటిది వాలు మీదికి వెళ్లిందంటే కొండంతా దాని గొంతే. వంతు కోసం వాదించేది, పోట్లాడేది, రెండు భాషలూ కలిపి తిట్టేది. దానికి వచ్చిన తెలుగంతా ఆ గడ్డి మీద వచ్చిందే, అందులో నా పాఠాల గొప్పేమీ లేదు. అందుకే ఆటల గంట జోలికి ఎవరైనా వస్తే నాకు ఒళ్లు మండుతుంది.

రానే వచ్చారు. ప్రాథమిక బడుల్లో ఆరుబయట ఆటను మెరుగుపరచాలని పైనుంచి ఆదేశం. మెరుగుపరచడానికి ఒక అధికారి జీపులో దిగారు. పిల్లలు జారడం చూసి గుండె పట్టుకున్నంత పని చేశారు.

"దీన్ని ఆటస్థలమంటారా మేడమ్? ఎవరికైనా ఏమైనా అయితే జవాబు ఎవరు చెప్పాలి?"

"మరెక్కడ ఆడుకోవాలి సార్?"

"చదును నేల మీద" అని ఆయన చుట్టూ చూశారు. ఆ చుట్టుపక్కల చదునుగా ఉన్నది ఆయన జీపు పైకప్పు ఒక్కటే.

లేకపోతే చేయించాలి కదా. యంత్రం వచ్చింది, కొండను గీకింది. సిమెంటు వేశారు. గోడ మీద ఏనుగునీ జిరాఫీనీ వేశారు, మా పిల్లలు రెండింటినీ ఎన్నడూ చూడలేదు. సిమెంటుకీ వాలుకీ మధ్య ముళ్ల కంచె కట్టి, దానికో ఇనప తలుపు పెట్టి, తాళంచెవి నా చేతికిచ్చారు. రోజూ ఆట ఫొటో తీసి ఫోన్‌లో పంపాలన్నారు. సిగ్నల్ ఎక్కడ అందుతుందో మాత్రం చెప్పలేదు.

ఊరంతా వచ్చి ఆ నేలను చూసింది. ఒక ముసలమ్మ గొంతుక్కూర్చుని అరచేత్తో తడిమి, ఎండ ఎటునుంచి పడుతుందో చూసుకుంది. ఊరిపెద్ద అంచుల వెంట ఒక చుట్టు తిరిగి తృప్తిగా తలాడించాడు. పిల్లల సుఖం చూసి మురిసిపోతున్నారనుకున్నాను.

కోతలు మొదలయ్యాక ఒకరోజు బడికి వచ్చేసరికి సిమెంటు కనబడలేదు. సగం కాఫీ పళ్లు, సగం చోళ్లు, అదే మా వైపు రాగులు. చక్కగా పల్చగా ఆరబోసి ఉన్నాయి.

ఊరిపెద్దను నిలదీశాను. ఆయనకు నా కోపం అర్థం కాలేదు.

"ఏటి టీచరమ్మా, కొండ మీద ఇంత సదునుజాగా మరెక్కడుంది? ఇన్నాళ్లూ రోడ్డు మీద ఎండేసుకుంతే బస్సులు తొక్కీసేవి. కల్లం కట్టించినోలు సల్లగుండాల."

"ఇది కళ్లం కాదు. పిల్లలు ఆడుకునే జాగా."

"ఆడుకోమనమ్మా, ఎవులొద్దన్నారు? పంటని తొక్కకండా ఆడుకోమను."

తప్పు ఆయనది అనడానికి నాకు నోరు రాలేదు. ఎండ తగిలే గట్టి నేలను చూసి ఈ కొండల్లో ఎవరికైనా కళ్లమే గుర్తొస్తుంది. ఆటస్థలం గుర్తురావాలంటే జీపులో రావాలి.

ఇక ఆటల గంట కొట్టగానే పిల్లల చేతికి తలా ఒక కర్ర. చోళ్ల మీదికి కోళ్లు, కాఫీ మీదికి మేకలు రాకుండా తోలడమే పని. నేను ఒళ్లు మండి అదే ఫొటో తీసి, కొండెక్కి పంపాను. పైనుంచి మెచ్చుకోలు వచ్చింది. పిల్లల్లో చక్కటి చురుకుదనం కనిపిస్తోందట, ఆ ఆట పేరేమిటో రాసి పంపాలట. కోళ్లాట అని రాశాను. నమ్మారు.

ఆ పిల్ల మాత్రం మళ్లీ మూగదైంది. కర్ర పట్టుకుని కంచె పక్కన నిలబడి వాలుకేసి చూసేది. తాళంచెవి నా దగ్గరే ఉండేది. తాళం తీసే ధైర్యం మాత్రం రాలేదు.

కోళ్లాట చూడ్డానికి అధికారి స్వయంగా వచ్చారు. పంట ఫొటోలో పడకుండా పిల్లల్ని ఒక మూలకు జరిపించి, ముందు వరసలో ఉన్న ఆ పిల్లనే అడిగారు.

"ఏమ్మా, కొత్త ఆటస్థలం బాగుందా? ఇంకేం కావాలో చెప్పు."

అది చెప్పదని నాకు తెలుసు. పెద్దవాళ్లతో అది ఒక్క తెలుగు ముక్కా మాట్లాడి ఎరగదు. ఆయనకు సర్దిచెప్పబోతున్నాను.

"మీరెప్పుడెల్తారు సారు?" అంది.

"ఎందుకమ్మా?"

"మీరెల్తే టీచరు తలుపు తీత్తాది. మేం ఆడుకుంతాం."

తీస్తానని నేను ఎన్నడూ అనలేదు. అది అలా నమ్ముకుని ఉంది. సంతోషమో సిగ్గో, నా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆయన వెళ్లేదాకా ఆగలేకపోయాను. ఆయన చూస్తుండగానే నడిచి వెళ్లి తాళం తీశాను.

కర్రలు ఎక్కడివక్కడ పడేసి పిల్లలు వాలు మీదికి పరుగెత్తారు. కోళ్లన్నీ చోళ్ల మీద పడ్డాయి. పరుగెత్తుకొచ్చిన ఊరిపెద్ద ఒక పక్క, ఏం చేయాలో తోచని అధికారి ఇంకో పక్క చేతులూపుతూ వాటిని తోలుతున్నారు. కంచె అవతల ఆ పిల్ల అప్పటికే వంతు నాదంటే నాదని ఎవరితోనో పోట్లాడుతోంది, తెలుగులోనే.