క్లబ్ హాలు గోడ మీద నిలబడిన ఆరుగురు

2009 మార్చిలో సౌదీలోని ధహ్రాన్ దగ్గర, విదేశీ ఉద్యోగులు నివసించే ఒక కంపెనీ కాంపౌండ్ ఆఫీసులో రికార్డుల సూపర్‌వైజర్‌గా చేరాను. ఇది 2017 నవంబరు నాటి సంగతి.

క్లబ్ హాల్లో పద్దెనిమిది అడుగుల గోడ మీద ‘ఒకే కుటుంబం’ అనే బొమ్మ వేయించాలని నివాసుల కమిటీ తీర్మానించింది. మెయింటెనెన్స్ పెయింటర్ రాజానికి పని అప్పగించారు. అతనిది జగిత్యాల, ఊళ్లో సైన్‌బోర్డులు రాసిన చెయ్యి. పద్ధతి ప్రకారం ముందు పెన్సిల్ నమూనాను కమిటీ ఆమోదించాలి, పరిశీలించినట్టు నేను సంతకం పెట్టాలి. పొడవాటి భోజనాల బల్ల, కూర్చున్నవాళ్లు పన్నెండు మంది, వెనక నిలబడినవాళ్లు ఆరుగురు. పెన్సిల్ గీతలో అందరిదీ కాగితం రంగే. సంతకం పెట్టాను.

రంగులు పడ్డాక చూస్తే కూర్చున్నవాళ్లంతా తెల్లవాళ్లు. నిలబడినవాళ్లు కాంపౌండ్‌లో రోజూ కనిపించే మనుషులే: సూడాన్ తోటమాలి, ముగ్గురు బంగ్లాదేశీ క్లీనర్లు, ఇద్దరు తెలంగాణ ప్లంబర్లు. చేతుల్లో ఖాళీ ప్లేట్లు.

బొమ్మ అబద్ధం కాదు. క్లబ్బులోకి ఏడో గ్రేడు ఉద్యోగులకు, ఆపై వారికే ప్రవేశం. నిబంధనలో ఒంటి రంగు ప్రస్తావన లేదు. కానీ నా రిజిస్టరులో ఆ గ్రేడుల్లో నల్లవాడు ఒక్కడూ లేడు. భారతీయులు తొమ్మిది మంది.

మొదటి ఫిర్యాదు ఆ తొమ్మిది మందిలో ఒకరైన తెలుగు ఇంజినీరుది. “ఏంటి మేడమ్, మనవాళ్లని తీసుకెళ్లి క్లీనర్ల పక్కన నిలబెట్టాడు? బల్ల దగ్గర మనకో కుర్చీ వెయ్యలేకపోయాడా?” అన్నాడు. క్లీనర్ల కుర్చీల గురించి అడగలేదు.

నిలబడినవాళ్లను కూర్చోబెట్టెయ్యమని రాజానికి చెప్పాను.

“కూసోబెట్టుమంటె కూసోబెడ్తనమ్మా. మల్ల రేపు ఆళ్లొచ్చి నిజంగ కూసుంటె, లెవ్వుమని మీరే అంటరు గద!” అని నవ్వాడు. నేను ఆ మాట మళ్లీ ఎత్తలేదు; బొమ్మ అలాగే ఉండిపోయింది.

పని పూర్తయ్యాక రాసే అప్పగింత పత్రంలో ‘పని చేసినవారు’ అన్న గడిలో ‘మెయింటెనెన్స్ విభాగం’ అని రాసి వదిలేయడం అక్కడి అలవాటు. చేసినవాడికి పేరు దక్కాలని నేను రాజం పేరు, ఇకామా అనే నివాస అనుమతి కార్డు నంబరుతో సహా రాశాను.

జనవరి నుంచి విదేశీ కార్మికుడి తలకు ఇంత అని కంపెనీలు కట్టే లెవీ పెరగబోతోంది. ప్రతి విభాగమూ తగ్గించే మనిషి పేరు ఇవ్వాలి. పర్సనెల్ మేనేజరు ఫిర్యాదులు వచ్చిన ఆ బొమ్మ ఎవరు వేశారో చూడాలని నా ఫైలు తెప్పించుకున్నాడు. పేరు, నంబరు సిద్ధంగా ఉన్నాయి. డిసెంబరు 14న రాజానికి, ఇక తిరిగి రాకుండా పంపించే ఫైనల్ ఎగ్జిట్ వీసా కొట్టారు.

“ఇంటికి గోడలు లేసినయమ్మా, స్లాబే పడలె,” అన్నాడు పాస్‌పోర్టు తీసుకుంటూ. మరో పెయింటర్ ఆ బొమ్మ మీద రెండు పూతల క్రీమ్ రంగు వేశాడు.

అదే ఫైల్లో, పెన్సిల్ నమూనా మీద ‘పరిశీలించినవారు’ అన్న గడిలో నా సంతకం ఉంది. దాని గురించి ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు. తప్పు ఎవరిదని వెతికేటప్పుడు కింది గ్రేడు నుంచి మొదలుపెడతారని, ఒక పేరు దొరకగానే ఆపేస్తారని ఆ ఫైలు నాకు నేర్పింది.