స్లైడ్ కింద ఎర్రనీళ్లు

జనం నీళ్లలో మునగకుండా చూడటానికి జీతం తీసుకుంటూ, ఆ నీళ్లలోనే, అదీ నడుంలోతు నీళ్లలో, మునిగిపోబోయిన మనిషిని మీరెక్కడైనా చూశారా? చూడకపోతే ఇప్పుడు చూడండి. ఆ మహానుభావుణ్ని నేనే. ఒక సేఠ్ గారి వాటర్ పార్కునీ, ఆయన తల్లి చేసిన పూజనీ, ఒక ఆఫీసరమ్మ కట్టుకొచ్చిన మంచి చీరనీ ఒక్క పూటలో ఎలా పాడుచేశానో చెబుతాను. మీరు హాయిగా నవ్వుకోండి. నాకు మాత్రం చెబుతుంటే ఇప్పటికీ అరచేతులు చెమరుస్తాయి.

రెండువేల దశకం మొదట్లో సంగతి. నాన్నది ప్రభుత్వోద్యోగం, గుంటూరు వైపు నుంచి బదిలీ మీద వచ్చి పురానాపూల్ దగ్గర అద్దెకుండేవాళ్లం. నేను ఇంజనీరింగ్ పాసై, ఉద్యోగం లేక, ఇంట్లో కుళాయిలు బాగుచేస్తూ రోజులు గడుపుతున్నాను. అలాంటి సమయంలో, నాన్నకు తెలిసిన వీరేశం సేఠ్ నన్ను పిలిపించాడు. ఆయనది తాతల నాటి పసుపు టోకు వ్యాపారం. బహదూర్‌పురాలో ఆయనకో పాత పసుపు గోడౌన్ ఖాళీగా పడి ఉంది.

"ఎండకాలం జూ చూసి చెమటలు కక్కుకుంట బయటికొస్తరు జనం," అన్నాడు సేఠ్. "గప్పుడు గీడ నీళ్లుంటె యాడికి పోతరు చెప్పు? పెద్ద పెద్ద పార్కులన్ని ఊరవతల, ఆకాశం కింద ఉన్నయ్. మన పాతబస్తీ ఆడోళ్లు నలుగురు చూస్తుంటె నీళ్లల్ల దిగుతరా? దిగరు. నాలుగు గోడలు, మీద కప్పు, వాళ్లకు వారంల రెండు రోజులు సెపరేట్. అయిపాయె."

"నీళ్లూ, భద్రతా నువ్వు చూసుకో," అన్నాడు చివరికి. ఆయనకు తెలియదు గానీ, భద్రత అనే మాట నాకు అప్పగించడమంటే పిరికివాడికి కాపలా అప్పగించడమే. గ్యాసు కట్టేశానో లేదోనని వీధి చివరి నుంచి వెనక్కి పరుగెత్తుకొచ్చే రకం నేను. ఉద్యోగంలో చేరిన రోజు నుంచి నాకు నిద్రలేదు.

ఆరుబయట కొలనైతే క్లోరిన్ వాసన గాలికి పోతుంది. కప్పు కిందైతే అక్కడే తిష్ఠవేసి పిల్లల గొంతులో దూరుతుంది. అందుకని గోడలకు పెద్ద పెద్ద ఫ్యాన్లు పెట్టించి లోపలి గాలిని బయటికి తోలించాను. నేల మీద సేఠ్ ముచ్చటపడి వేయించిన మెరిసే టైల్స్ మీద తడి కాలితో నేనే జారిపడి, వాటిని పీకించి గరుకువి వేయించాను. కొలను అడుగున నీళ్లు పోయే తూము ఆడపిల్లల జుట్టు లాగేస్తుందేమోనన్న భయంతో ఒక తూమును రెండు చేయించి, దూరదూరంగా పెట్టించి, వాటి మీద బోర్లించిన గిన్నెల్లాంటి జాలీలు బిగించాను. అంతటితో ఊరుకున్నానా? మా అక్క సవరం ఎత్తుకొచ్చి ఆ జాలీల మీద వదిలి, అది ఇరుక్కుంటుందో లేదో చూశాను. సవరం ఇరుక్కోలేదు గానీ అక్క నాతో నెలరోజులు మాట్లాడలేదు.

స్లైడ్ బిగించింది యూసుఫ్ భాయ్. ఫైబర్ పనిలో చేయి తిరిగినవాడు, మనిషి నిండు పసుపు బస్తాలా ఉండేవాడు. గోడౌన్ స్తంభాల చుట్టూ మెలికలు తిరుగుతూ దిగే మూసిన గొట్టం అది. దాని అతుకుల్లో ఎక్కడైనా అంచు లేచి ఉంటే జారేవాళ్ల వీపు కోసుకుపోతుంది. అందుకని నేను రోజూ గొట్టంలోకి దూరి, ప్రతి అతుకు మీదా పాత బనియన్ పెట్టి లాగి, దారం చిక్కుకుంటుందేమో చూసేవాణ్ని.

"కాయ్కో ఇత్నా డర్తే సాబ్?" అని నవ్వేవాడు యూసుఫ్ భాయ్. "గింత భయమెందుకు? నా పనిల అంచు ఉండదు. మీ బనియన్ల పొక్కలే ఉన్నయ్."

పైన జారేవాడు బయటికొచ్చేదాకా కింద స్లైడ్ మూతి దగ్గర ఎవరూ దిగకూడదని నేనే స్వయంగా పెద్ద బోర్డు రాయించాను. పనివాళ్లందరిచేతా ఆ ముక్క ఎక్కాల్లా వల్లె వేయించాను. ఈ సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి.

ఇక ఆ రోజుకు వద్దాం. ఆరోగ్యశాఖ నుంచి ఆఫీసరమ్మ వచ్చి చూస్తారు. సరే అంటే వేసవి సెలవులకు గేటు తెరుచుకుంటుంది. కాదంటే సీజనంతా పోయినట్టే, నా కొలువూ పోయినట్టే. సేఠ్ ఆ మాట పొద్దున్నే నా మొహం మీదే చెప్పాడు. ఆఫీసరమ్మ సరే అన్న మరుక్షణం నీళ్లలో దూకడానికి ఆయన మనవలు నడుముకు రబ్బరు ట్యూబులు తగిలించుకుని గట్టు మీద గంతులేస్తున్నారు.

పొద్దున నీళ్లు చూస్తే కాస్త మసకగా ఉన్నాయి. పటిక వేశాను, నీళ్లు తేరుకున్నాయి. చుక్కల మందుతో పరీక్షించాను. పటిక ఎక్కువై నీళ్లు పులుపెక్కాయని తేలింది. పులుపును విరవడానికి సోడా పొడి వేయాలి. అదీ సున్నం లాంటి గుణం ఉన్నదే. స్లైడ్ మూతి దగ్గర కుమ్మరించి, అటు చివర మెట్ల దగ్గరికి పరుగెత్తి, నీళ్లు పట్టి చూశాను. పులుపే! మళ్లీ పోశాను. మళ్లీ పరుగెత్తాను. పులుపే! ఇంకా పోశాను.

"సాబ్," అన్నాడు యూసుఫ్ భాయ్, "బట్టల సోడ గిట్ల పోస్తున్నరు. పిల్లలు తానం చేస్తరా, మీరు వాళ్లని ఉతుకుతరా?"

"నువ్వుండు భాయ్. నీకు తెలీదు."

అతనికేం తెలియదో చెప్పలేను గానీ, నాకు తెలియనిది మాత్రం ఒకటుంది. గట్టు మీద అప్పటికే మొదలైన పూజలో మంత్రాలు వినబడటం లేదని ఎవరో నీళ్లను కలియతిప్పే పంపు కట్టేశారు. నేను పోసిన సోడా పోసిన చోటే అడుగున హాయిగా కూర్చుంది. అటు చివర మెట్ల దగ్గరి నీళ్లకు దాని వాసన కూడా తగల్లేదు. ఇది నాకు తర్వాత తెలిసింది. మీకు ముందే చెప్పేస్తున్నాను, నేను పడ్డ కంగారు మీరెందుకు పడాలి?

అంతలో సేఠ్ తల్లి మెట్ల దగ్గరికి వచ్చింది. ఆ ఇంట్లో చిన్నా పెద్దా అందరూ ఆమెను అవ్వ అనే పిలుస్తారు, ఆమె మాటకు ఎదురులేదు. బోరు వేసినా నల్లా పెట్టినా ముందు గంగమ్మకు పసుపు సమర్పించనిదే ఆ ఇంట్లో ఎవరూ నీళ్లు ముట్టరు. ఆమె వెనక ఇద్దరు మనుషులు ఒక పెద్ద గంప మోసుకొచ్చారు. గంప నిండా పసుపు.

నేను అడ్డం పడ్డాను. "అవ్వా, నీళ్లలో ఏమీ వేయకూడదండీ! ఫిల్టర్‌లో ఇసుక ఉంటుంది, మూసుకుపోతుంది."

"ఏంది బిడ్డా, పొద్దుగాల్నుంచి నువ్వు సంచులు సంచులు కుమ్మరిస్తున్నవ్. నేను జరంత పసుపేస్తె మూసుకపోతదా?"

"పోనీ చిటికెడు వేయండి, చాలు."

"పసుపు దుకాణపోళ్లం, చిటికెడు ఏస్తమా? ఇజ్జత్ పోదు?"

గంప బోర్లించారు. మెట్ల వైపు నీళ్లన్నీ పచ్చబడ్డాయి. సరిగ్గా అప్పుడే ఆఫీసరమ్మ లోపలికి వచ్చారు. తెల్లటి ఇస్త్రీ చీర, చేతిలో ఫైలు. ఆ పచ్చటి నీళ్లను చూసి కనుబొమలు ముడిచారు. పూజ అని నేను నసిగాను. "సరే, స్లైడ్ నడిపి చూపించండి," అని ఆమె స్లైడ్ మూతికి ఎదురుగా గట్టు మీద నిలబడ్డారు.

ఇసుక బస్తాలతో పరీక్ష అంతకుముందే అయింది. ఇప్పుడు మనిషి జారాలి. "బిస్మిల్లా" అంటూ యూసుఫ్ భాయ్ పైకెక్కి గొట్టంలో కూర్చున్నాడు. నేను స్లైడ్ పంపు వేశాను. ఆ పంపు మెట్ల దగ్గరి నీళ్లను తోడి, పైకెక్కించి, గొట్టంలోంచి కిందికి వదులుతుంది. అంటే పసుపు నీళ్లు గొట్టంలోంచి దూకుతూ వచ్చి, నేను పోసిన సోడా మీద పడతాయి. మీకు ఈపాటికి అర్థమైపోయి ఉంటుంది. నాకు కాలేదు.

యూసుఫ్ భాయ్ లోపల జారుతున్న చప్పుడు వినిపించింది. ఒక మలుపు, ఇంకో మలుపు. చివరి మలుపు దగ్గర ధబ్‌మని చప్పుడై ఆగిపోయింది. మనిషి రాలేదు. మనిషికి బదులు, స్లైడ్ మూతి కింద నీళ్లు ఎర్రబడ్డాయి. చిక్కటి ఎరుపు గుప్పుమని లేచి, చూస్తుండగానే చాపంత, మంచమంత పరుచుకుంది.

"ఖూన్!" అని ఎవరో కేక పెట్టారు.

"ఓ దేవుడా, ఏమాయెరా!" అన్నాడు సేఠ్.

నా బుర్రలో ఒకటే మాట. అంచు! అతుకు అంచు! నిన్న బనియన్ లాగినప్పుడు చివరి మలుపు దగ్గర సరిగ్గా చూశానా? చూశాననే అనుకుంటున్నాను. అనుకుంటే సరిపోతుందా? అవతల ముగ్గురు పిల్లల తండ్రి! నిజంగా చెబుతున్నాను, ఆ క్షణంలో నాకు నా ఉద్యోగం గుర్తురాలేదు, యూసుఫ్ భాయ్ నవ్వు ఒక్కటే గుర్తొచ్చింది.

"యూసుఫ్ భాయ్! వస్తున్నా!" అని అరిచి, నేను రాయించిన బోర్డు పక్కనుంచే, నేను వల్లె వేయించిన ముక్క గుర్తులేకుండా, బూట్లతో సహా స్లైడ్ మూతి కిందికి దూకేశాను. నాకు ఈత రాదన్న సంగతి గాల్లో ఉండగా గుర్తొచ్చింది.

అడుగున సోడా జారుడు. కాళ్లు రెండూ పైకి లేచాయి. ముక్కులోకి, నోట్లోకి సబ్బు నీళ్లు. కళ్లు మిరపకాయ నూరి పెట్టినట్టు భగ్గుమన్నాయి. "కాపాడండి!" అన్నాను. అది బుడగలుగా పైకి పోయింది.

గొట్టంలో యూసుఫ్ భాయ్ నిక్షేపంలా ఉన్నాడు. చివరి మలుపు దగ్గర నీళ్ల ధార కాస్త పక్కకు పోతున్నట్టు అనిపించి, పనివాడి అలవాటు కొద్దీ కాళ్లు తన్నిపెట్టి ఆగి, అతుకు తడిమి చూస్తున్నాడు. అంతలో నా అరుపులు వినపడ్డాయి. నేనే మునిగిపోతున్నానని అతను కాళ్లు వదిలేశాడు. ఇక చూడండి, ఆ నిండు బస్తా గొట్టంలోంచి రివ్వున వచ్చి తిన్నగా నా మీద పడింది. లేచిన ఎర్రనీళ్ల వెల్లువ గట్టు దాటి, ఆఫీసరమ్మ తెల్లచీరను కుచ్చిళ్ల నుంచి భుజం దాకా తడిపేసింది.

యూసుఫ్ భాయ్ నా కాలర్ పట్టుకుని పైకి లేపాడు. "ఖడే హో జావ్ సాబ్! నిలబడుండ్రి! నడుంలోతే ఉన్నది!"

నిలబడ్డాను. నిజంగానే నడుంలోతే ఉంది.

"నీకు... నీకు దెబ్బ ఎక్కడ తగిలింది భాయ్?" అన్నాను దగ్గుతూ.

"నాకెందుకు తగుల్తది? మీకు తగిలిందా?"

ఇద్దరం ఒకరినొకరం తడుముకున్నాం. ఎవరికీ గీత కూడా పడలేదు. గట్టు మీద అవ్వ మాత్రం రెండు చేతులూ జోడించి నిలబడి ఉంది. "ఓ బిడ్డా! పళ్లెంల ఎర్రనీళ్లు తిప్పి దిష్టి తీసుడు చూసిన గని, గిన్ని ఎర్రనీళ్లు నా జిందగిల చూడలే!"

అప్పుడు వెలిగింది నాకు. పసుపులో సున్నం కలిపితే ఎరుపు! నేను పుట్టినప్పటి నుంచి మా అమ్మ నాకు పళ్లెంలో కలిపి దిష్టి తీస్తున్న నీళ్లే ఇవి! ఆమె చిటికెడు సున్నం వేస్తే, నేను సంచుల కొద్దీ సోడా పోశాను.

ఆఫీసరమ్మ చీర పిండుకుంటూ అడిగారు. "ఇంజనీర్ గారూ, ఈ నీళ్లలో ఏం పోశారు?"

చెప్పాను. ఎన్నిసార్లు పోశానో కూడా చెప్పాను. ఆమె నా కళ్లలోకి చూశారు. అవి కొలను కంటే ఎర్రగా ఉన్నాయి. "ఈ పసుపు పడకపోయి ఉంటే నేను సరే అనేదాన్ని," అన్నారు మెల్లగా. "ఆ పిల్లలు ఇప్పటికి ఈ నీళ్లలో ఉండేవాళ్లు."

నేను గట్టు వైపు చూశాను. ట్యూబులు తగిలించుకున్న పిల్లలు ఎర్రనీళ్లను చూసి చప్పట్లు కొడుతున్నారు. నాకు ఏడుపొచ్చింది. కళ్లు ఎలాగూ కారుతున్నాయి కాబట్టి ఎవరూ కనిపెట్టలేదు.

నీళ్లన్నీ తోడేసి, కొత్తవి నింపి, పంపు తిరుగుతుండగా పరీక్షించి చూపిస్తే వారంలో మళ్లీ వస్తానని చెప్పి ఆమె వెళ్లిపోయారు. ఆమె గేటు దాటగానే సేఠ్ నా మీద పడ్డాడు. "పో! పొయ్యి మీ ఇంట్ల నల్లాలు బాగు చేసుకో! రేపట్నుంచి నీ సూరత్ చూపియ్యకు!"

"ఆగు రా," అంది అవ్వ. "ఎల్లగొడ్తె ఏమొస్తది? మళ్ల తెచ్చెటోనికి గింత భయముంటదా? ఈత రాదు, అయినా మనిషి కోసం దుంకిండు. గీన్నే ఉంచు."

నేను ఆమె కాళ్లకు దండం పెట్టబోయాను.

"జర ఆగు బిడ్డా, అయిపోలే," అంది. "రోజు గేటు తెరిచెటందుకు ముందు, గీనికి ఒంటికింత పసుపు రాసి నీళ్లల్ల దింపుండ్రి. పచ్చగ బయటికొస్తె పిల్లల్ని దింపుండ్రి. ఎర్రగొస్తె గేటు బంద్."

వారం తర్వాత ఆఫీసరమ్మ వచ్చారు, సరే అన్నారు. ఈసారి నల్లచీర కట్టుకొచ్చారు. గేటు తెరుచుకుంది. అవ్వ మాట అంటే మాటే. ఆ వేసవంతా ప్రతి పొద్దునా ఒంటికి పసుపు రాయించుకుని నీళ్లలో దిగాను, దేవుడి దయవల్ల పచ్చగానే బయటికొచ్చాను. ఎంత కడిగినా చెవుల వెనక పసుపు పోయేది కాదు. బస్సులో కండక్టర్ రోజూ "ముబారక్ సార్, షాదీ ఎప్పుడు?" అని అడిగేవాడు. వాడికి జవాబు చెప్పలేక ఒక స్టాపు ముందే దిగి నడిచేవాణ్ని.

కాబట్టి పాఠకులారా, పసుపు అంటిన ఈ చెవుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. పంపు ఆగి ఉండగా నీళ్లను పరీక్షించను. పరీక్ష తప్పిందని సంచి విప్పను. మనిషి కనబడకపోతే ముందు పేరు పెట్టి పిలుస్తాను, పలికేదాకా ఆగుతాను. అప్పటికీ పలక్కపోతే, ఎంత లోతుందో ఎవరినైనా అడిగి, అప్పుడు దూకుతాను.