ఎదురుకాళ్ళ తోడికోడలు

సాయంత్రమైతే మా అత్తకు కాళ్ళు లాగేవి. వేప్పనపల్లి దగ్గర ఆ ఇంటికి కోడలిగా వచ్చిన నాటినుంచీ వాటిని ఒత్తింది నేనే. పిసికి పిసికి నా బొటనవేళ్ళు బండబారాయి.

తొంభైలలో, హోసూరు ఫ్యాక్టరీలో పనిచేసే మరిదికి పెళ్ళయి, అత్తిముగం నుంచి తోడికోడలు వచ్చింది. ఆమె ఎదురుకాళ్ళతో పుట్టిన బిడ్డ. పుట్టేటప్పుడు తలకు బదులు కాళ్ళు ముందు వచ్చాయన్నమాట. అలాంటివాళ్ళు తొక్కితే పట్టేసిన నడుము వదులుతుందని మా వైపు నమ్మకం. మామిడికాయల గంప ఎత్తబోయి అత్తకు నడుము పట్టేసినప్పుడు, ఆమె అత్త పాదాలు కళ్ళకద్దుకుని వీపు మీద కాలు పెట్టింది. తొక్కీ తొక్కనట్టు తొక్కింది.

"అబ్బా, ఏం కాలమ్మా నీది! అట్లే అదిమదిమి తొక్కు తల్లీ. పానం లేచొస్తా ఉంది."

తల్లీ అట! ఆ తర్వాత పక్క ఊళ్ళవాళ్ళు కూడా నడుములు పట్టుకుని రాసాగారు. ఆమె తొక్కేది, వాళ్ళకు కాఫీ కాచేది నేను.

ఒకసారి ఆమె పుట్టింటికి పోయినప్పుడు అత్తకు మళ్ళీ పట్టేసింది.

"నేను తొక్కుతాను అత్తా. నేనూ ఎదురుకాళ్ళతోనే పుట్టినాను."

"ఇన్నేండ్లూ చెప్పలేదేమే?"

"నువ్వడగలేదు గదా."

పచ్చి అబద్ధం. ఎదురుకాళ్ళవాళ్ళు కానివాళ్ళు పెద్దల మీద కాలు పెడితే పాపమని తెలిసీ ఎక్కాను. ఆమెకంటే నా కాలే గట్టిదనిపించుకోవాలని తొక్కి తొక్కి వదిలాను.

"ఓయమ్మా, దిగే! గోడకు మట్టి తొక్కినట్టు తొక్కి సంపుతావా?"

అత్త మూడు రోజులు లేవలేదు. తోడికోడలు తిరిగొచ్చి సంగతి విని, నా పాదాల వైపు చూసింది.

"ఎదురుకాళ్ళా అక్కా ఇవి, ఎనుము కాళ్ళా?"

అత్త నవ్వబోయి, నొప్పికి మూలిగింది.

ఆ సాయంత్రం అలవాటు కొద్దీ మంచం దగ్గర కూర్చుని చేయి చాపాను. అత్త కాళ్ళు ముడుచుకుంది. "నువ్వొద్దులే. చిన్నదాన్ని పిలువు" అంది.

పిలిచాను. గుమ్మంలో నిలబడి చూశాను. వీపు తొక్కడమే గానీ ఆమెకు కాళ్ళు ఒత్తడం రాదు. పైపైన పాముతోంది. అత్త అటూ ఇటూ మెసలుతోంది. పిక్క కింద, నరం పక్కన, బొటనవేలితో నొక్కి నొక్కి పట్టాలి. అది నాకు తెలుసు.

చెప్పలేదు.