దక్షిణ విభాగం అన్న అచ్చు మాట

మా ఊరి ఫెడరల్ కోర్టు పుట్టిందే మంచు వల్ల. అంతకుముందు అడవిలో దొంగచాటుగా కలప కొట్టినవాడైనా, టపా సంచి కోసినవాడైనా, సరస్సులో ఓడలు గుద్దుకుని నష్టపోయినవాడైనా విచారణ కోసం జలసంధి దాటి దక్షిణాన ఉన్న పట్నానికి పోవాల్సిందే. చలికాలంలో పోయినవాళ్లు వసంతం వరకు తిరిగొచ్చేవాళ్లు కాదు. సాక్షులు దారిలోనే జబ్బుపడేవాళ్లు. చివరికి రాజధానిలో చట్టం చేసి, జిల్లాను రెండు విభాగాలుగా చీల్చి, ఉత్తర విభాగానికి మా కెటిల్ హార్బర్‌ను కోర్టు ఊరిగా పెట్టారు. జడ్జి మాత్రం రెండింటికీ ఒక్కడే. ఆయన దక్షిణాన ఉంటాడు. ఫిబ్రవరి మూడో మంగళవారం ఒకసారి, సెప్టెంబరు మూడో మంగళవారం ఒకసారి మా ఊరికి వచ్చి ఒక్కో విడత కోర్టు నడుపుతాడు. మిగతా పది నెలలూ ఆ కోర్టు అంటే హిల్యా రౌతియో ఒక్కతే.

హిల్యా మా అమ్మమ్మకు అక్క. గని కార్మికుడి కూతురు. ఫిన్నిష్ తప్ప మరో మాట రాకుండా బడికి వెళ్లి, పదహారేళ్లకల్లా ఊరిలో అందరికంటే చక్కటి ఇంగ్లిషు చేతిరాత సంపాదించింది. ఆ చేతిరాత చూసే ఆమెను డిప్యూటీ క్లర్కుగా తీసుకున్నారు. ఎర్ర ఇసుకరాతి భవనంలో కింద పోస్టాఫీసు, పైన కోర్టు హాలు. హాలు పక్క గదిలో ఆమె బల్ల, ఇనప్పెట్టె, పదకొండు కౌంటీల నుంచి వచ్చిన జ్యూరీ పేర్లు దాచే చెక్కపెట్టె. 1936 నాటికి పంతొమ్మిదేళ్లుగా ఆ గదిలోనే పనిచేస్తోంది. పెళ్లి చేసుకోలేదు. శనివారాలు తమ్ముడింటికి ఆవిరి స్నానానికి వెళ్లేది, ఆదివారం చర్చికి. మిగతా రోజులన్నీ కాగితాలతోనే.

ఆ కాగితాల్లో ఒక చిక్కు ఉండేది. అచ్చు ఫారాలన్నీ దక్షిణం నుంచే వచ్చేవి. వాటి నెత్తిన ‘దక్షిణ విభాగం’ అని అచ్చువేసి ఉండేది. ఉత్తరానికి వేరే అచ్చు వేయించడం దండగని పైవాళ్లు అనుకున్నారు. అందుకని ఇక్కడ ప్రతి కాగితం మీదా ‘దక్షిణ’ను కలంతో కొట్టేసి, పైన ‘ఉత్తర’ అని రాయాలి. ఇది హిల్యా చేతికి శ్వాసలాంటి పని అయిపోయింది.

1936 ఫిబ్రవరిలో, మూడో మంగళవారానికి ముందు రోజు, మధ్యాహ్నం మూడింటికి ఫోను మోగింది. జడ్జి లోరింగ్ జలసంధి అవతలి ఒడ్డు నుంచి మాట్లాడుతున్నాడు.

“హిల్యా, రైలును దాటించే పడవ మంచులో ఇరుక్కుంది. రైలు పెట్టెలు అందులోనే ఉన్నాయి. రేపటికి నేను రాలేను.”

“అయ్యో! మరి రేపు కోర్టు తెరవాలి కదండీ.”

“సెప్టెంబరులో సంతకం పెట్టి ఇచ్చానుగా, వాయిదా ఉత్తర్వు. ఇనప్పెట్టెలో ఉందా?”

“ఉందండీ.”

“అందులో తేదీ ఖాళీగా ఉంటుంది. శుక్రవారం అని నింపి చదివెయ్. శుక్రవారానికి ఎలాగైనా...”

అంతే, లైను తెగిపోయింది. ఆ తర్వాత నాలుగు రోజులు అది మళ్లీ పలకలేదు. తంతి తీగ కూడా తెగిందని సాయంత్రం తెలిసింది.

విడత మొదటి రోజున జడ్జి రాకపోతే, ఆయన సంతకంతో రాసిన ఉత్తర్వు ఉంటేనే క్లర్కు కోర్టును మరో రోజుకు వాయిదా వేయగలదు. ఉత్తర్వు లేకపోతే ఆ విడత చచ్చినట్టే. అందులోని కేసులన్నీ సెప్టెంబరుకు పోతాయి. అందుకే లోరింగ్ వెళ్లే ముందు ప్రతిసారీ ఒక ఉత్తర్వు రాసిపెట్టి పోయేవాడు. ఎన్నడూ దాని అవసరం పడలేదు. ఆయన మంచులో ఇరుక్కోవడం అదే మొదటిసారి.

హిల్యా ఇనప్పెట్టె తెరిచి కాగితం తీసింది. కెటిల్ హార్బర్ అన్న ఊరి పేరు తన చేతిరాతలోనే ఉంది. కింద లోరింగ్ సంతకం ఉంది. పైన మాత్రం ‘దక్షిణ విభాగం’ అని అచ్చులో ఉన్నది ఉన్నట్టే ఉంది. కలం గీత లేదు.

ఆమె సెప్టెంబరు విడత చివరి రోజున జడ్జి రైలుకు టైమైపోతుంటే ఇరవై మూడు కాగితాలు సిద్ధం చేసింది. ఇరవై రెండింటి మీద గీత గీసింది. అడుగున ఉన్నదాన్ని చూడలేదు.

ఆ విడతలో ఉన్న కేసుల్లో జైల్లో మనిషి ఉన్నది ఒక్కదానిలోనే. ఆర్విద్ నిస్కలా మంచు బండి మీద అడవి ఊళ్లకు టపా మోసేవాడు. గడియారం ఉన్న రిజిస్టర్డ్ పార్సిల్ ఒకటి మాయమైందని అక్టోబరులో అతన్ని పట్టుకున్నారు. జామీనుకు చూపించే ఆస్తి అతనికి లేదు. నాలుగు నెలలుగా కౌంటీ జైలు నేలమాళిగలో ఉన్నాడు. డిసెంబరు నుంచి దగ్గు పట్టింది. సెప్టెంబరు దాకా అతను ఉండడని జైలు డాక్టరే అన్నాడట.

కోర్టు బంట్రోతు టోబయస్ ట్రెంబాత్ గదిలోకి వచ్చాడు. కార్నిష్ వలసదారు, ఒకప్పటి గని మనిషి. డెబ్బై దాటినా గొంతు మాత్రం సొరంగంలో అరిచినట్టే ఉండేది. చేతిలో రుమాలులో చుట్టిన, మాంసం కూరిన పాస్టీ రొట్టె ఉంది.

“ఏంటమ్మాయ్, మొహం పాలిపోయింది? తిన్నావా?”

ఆమె కాగితం చూపించింది. టోబయస్ కళ్లజోడు సర్దుకుని చదివాడు. రెండోసారి చదివాడు.

“అదేముంది? కలం తియ్. ఒక్క గీత. ఎలాగూ తేదీ నింపుతావు కదా, అదే కలంతో.”

“తేదీ నింపమని ఆయన చెప్పారు బాబాయ్. మాట కొట్టెయ్యమని చెప్పలేదు.”

“చెప్పకపోయినా ఆయన మనసులో అదే కదా! ఆయన దక్షిణం గురించి కెటిల్ హార్బర్‌లో కూర్చుని ఉత్తర్వు రాస్తాడా? పిచ్చిపిల్లా!”

“సెప్టెంబరు సిరా గోధుమరంగులోకి తిరిగింది. ఇవాళ్టిది నల్లగా ఉంటుంది. ప్రభుత్వ వకీలు డెల్విన్ భూతద్దం పెట్టి చూస్తాడు. సంతకం అయ్యాక జడ్జి ఉత్తర్వు మీద గీత గీశానని తేలితే విచారణంతా చెల్లదు. ఆర్విద్ విడుదలైనా మళ్లీ పట్టుకుంటారు.”

“మరి గీయకపోతే?”

టోబయస్ పాస్టీలో సగం విరిచి ఆమె బల్ల మీద పెట్టి, “నువ్వు భయపడుతున్నావో, నిజాయితీ పాటిస్తున్నావో నాకైతే తెలీడం లేదమ్మాయ్,” అన్నాడు.

“నాకూ తెలీడం లేదు,” అంది హిల్యా.

మంగళవారం ఉదయం జ్యూరీకి పిలుపొచ్చిన వాళ్లు కొందరు స్కీల మీద వచ్చారు. కోటుల మీది మంచు కోర్టు హాలు నేల మీద కరిగి పారింది. ప్రభుత్వ వకీలు డెల్విన్ ముందు వరుసలో కూర్చున్నాడు. సన్నటి మనిషి. కాగితాన్ని ముక్కుకు ఆనించి చదివే అలవాటు. వెనక బెంచీ మీద ఆర్విద్ భార్య లైమి, ఒళ్లో చేతిసంచి పెట్టుకుని కూర్చుంది.

సరిగ్గా పదింటికి టోబయస్ ఖాళీ కుర్చీ వైపు తిరిగి అందరూ లేవండని కేక వేశాడు. అందరూ ఎవరికోసమో తెలియకుండానే లేచారు. హిల్యా ఉత్తర్వు చేతిలో పట్టుకుంది. అందులో శుక్రవారం తేదీని మాత్రం నింపింది. చదవడం మొదలుపెట్టింది. మొదటి పంక్తి రాగానే ఒక క్షణం ఆగింది. తర్వాత, “దక్షిణ విభాగం,” అని ఉన్నది ఉన్నట్టే చదివింది.

డెల్విన్ తల ఎత్తాడు.

చదవడం అయ్యాక ఆమె మినిట్స్ పుస్తకంలో, ఉత్తర్వు నెత్తిన ఉన్న అచ్చు మాటను సరిదిద్దలేదని, సంతకం తర్వాత తేదీ తప్ప మరే గీతా పడలేదని రాసి, అది కూడా పైకి చదివి కూర్చుంది. చేతులు బల్ల కింద దాచుకుంది.

వసారాలో లైమి ఎదురొచ్చింది.

“అక్కా, ఆ ఒక్క మాటా చదవకుండా మింగెయ్యలేకపోయావా?”

“చదివినా చదవకపోయినా కాగితం మీద ఉంటుంది లైమీ.”

“కాగితం మీద ఉండనీ! ఆ డెల్విన్ చెవిన పడేది కాదు కదా. నిన్న జైలుకెళ్తే ఆర్విద్ ఏమన్నాడో తెలుసా? విడత మొదలైతే చాలు, ఉరేసినా సరే, ఇక్కణ్ణించి బయటపడితే చాలన్నాడు. నేనిప్పుడు వెళ్లి ఏం చెప్పను?”

“శుక్రవారం జడ్జిగారు వస్తారని చెప్పు.”

“వచ్చి ఏం చేస్తారు?”

లైమి మెట్లు దిగి పోస్టాఫీసు మీదుగా వెళ్లిపోయింది. వెళ్తూ హిల్యా వైపు తిరిగి చూడలేదు.

బుధ, గురువారాల్లో హిల్యా పాత తీర్పుల సంపుటాలన్నీ తిరగేసింది. అచ్చులో పడిన తప్పు గురించి ఒకచోట చెల్లుతుందని ఉంది, మరోచోట చెల్లదని ఉంది. రెండు చోట్లా గుర్తు పెట్టుకోవడానికి కాగితం ముక్కలు పెట్టింది. తమ్ముడు భోజనానికి రమ్మని కబురు పంపితే కాఫీ తాగానని చెప్పి పంపింది. కిటికీలోంచి సరస్సు వైపు చూసేది. గాలి తగ్గితే జడ్జి వస్తాడు. ఆయన వస్తే ఈ సంగతి తేలిపోతుంది. గాలి తగ్గాలని కోరుకుంటోందో వద్దనుకుంటోందో ఆమెకే అర్థం కాలేదు.

శుక్రవారం తొమ్మిదిన్నరకు లోరింగ్ వచ్చాడు. చివరి పన్నెండు మైళ్లు మంచు తవ్వే ఇంజన్‌లో నిలబడి వచ్చాడట. చెవులు ఎర్రగా కమిలిపోయాయి. కుర్చీలో కూర్చోగానే మినిట్స్ చదివాడు. ఉత్తర్వు తీసుకుని చాలాసేపు చూశాడు.

“మిస్టర్ డెల్విన్, మీకేమైనా అభ్యంతరముందా?”

“ఉందండీ. ఈ ఉత్తర్వు ఈ కోర్టుది కాదు. విడత మంగళవారంతోనే ముగిసిపోయింది. ఇవాళ జరిగే విచారణకు చట్టంలో చోటు లేదు.”

వెనక బెంచీ మీద లైమి లేచి నిలబడింది. కాపలా మనిషి కూర్చోమని సైగ చేశాడు. ఆర్విద్ దగ్గును చొక్కా చేతిలో అణచుకున్నాడు.

లోరింగ్ నుదురు రుద్దుకున్నాడు. “దీని మీద ఎక్కడ సంతకం పెట్టానో నాకు బాగా గుర్తుంది. కానీ నా కోర్టులో నేనే సాక్ష్యం చెప్పలేను. క్లర్కు పొరపాటు మీద క్లర్కుతో చెప్పించడమూ బాగుండదు. ఆ రోజు గదిలో మూడో మనిషి ఎవరైనా ఉన్నారా?”

తలుపు దగ్గర నిలబడ్డ టోబయస్ గొంతు సవరించుకున్నాడు.

“నేనున్నాను జడ్జిగారూ.”

టోబయస్ ఇన్నేళ్లుగా ఇతరులను బోనెక్కమని పిలిచాడు. తను మాత్రం ఎన్నడూ ఎక్కలేదు. ఎక్కడానికి వంగిన మోకాలు సహకరించక, కటకటాలు పట్టుకుని పైకి లాక్కున్నాడు. హిల్యా ప్రమాణం చదివించింది. పంతొమ్మిదేళ్లుగా కంఠస్థమైన ప్రమాణం. మధ్యలో ఒక మాట మర్చిపోయింది. టోబయస్సే అందించాడు.

డెల్విన్ దగ్గరికొచ్చాడు. “సెప్టెంబరులో సంతకం పెట్టిన కాగితాలు ఇరవై మూడు ఉన్నాయి. ఇది ఇక్కడే పెట్టినదని మీకెలా గుర్తు?”

“గుర్తేమిటి బాబూ! సిరా ఆరబెట్టమని నా చేతికిచ్చారు. కిటికీ దగ్గర పట్టుకున్నాను. సరస్సు గాలి వచ్చి లాక్కుపోయింది. పోయి కింద పోస్టాఫీసు మెట్ల మీద పడింది. గుర్రం పక్కనే! నేను ఈ మోకాళ్లతో ఎలా దిగానో నాకే తెలుసు.”

హాలులో నవ్వులు వినిపించాయి. టోబయస్ అటు తిరిగి, “నిశ్శబ్దం!” అని అలవాటు కొద్దీ గద్దించాడు. ఈసారి జడ్జి కూడా నవ్వాడు.

“కాగితానికి ఏమైనా అంటిందా?” అన్నాడు డెల్విన్ నవ్వకుండానే.

“ఆ మెట్ల మీద ఏముంటుందో మీకు తెలీదా? కిందిమూల తుడిచాను. పూర్తిగా పోలేదు. అమ్మాయికి చెప్తే తిడుతుందని చెప్పలేదు.”

లోరింగ్ కాగితం తిప్పాడు. కిందిమూల బొటనవేలంత మరక ఉంది. దాన్ని డెల్విన్‌కు ఇచ్చాడు. డెల్విన్ ముక్కుకు ఆనించి చూసి, కొంచెం దూరం జరిపాడు.

“నా అభ్యంతరాన్ని రికార్డులో ఉంచండి,” అన్నాడు. “ఇంతకంటే వాదించను.”

“ఉత్తర్వు ఈ కోర్టుదే. ఈ ఊళ్లో, ఈ విడత కోసం పెట్టిన సంతకమే. విడత బతికే ఉంది. జ్యూరీని ఎంచండి,” అన్నాడు లోరింగ్.

హిల్యా చెక్కపెట్టె తిప్పి మొదటి పేరు తీసింది. చదవకుండా చీటీని టోబయస్‌కు అందించింది. అతను బోను దిగకుండానే దాన్ని సొరంగం గొంతుతో పిలిచాడు.

శనివారం సాయంత్రం నాలుగింటికి జ్యూరీ ఆర్విద్ నిర్దోషి అంది. ఆ పార్సిల్ అసలు అతని సంచిలోకి ఎక్కిందని ఎవరూ చూపలేకపోయారు. లైమి అతని మెడకు ఉన్ని గుడ్డ చుట్టి, చెయ్యి పట్టుకుని మెట్లు దింపింది. హిల్యా గది తలుపు తెరిచే ఉంది. లైమి ఆగి లోపలికి చూసి తల ఊపింది. థాంక్స్ చెప్పలేదు. హిల్యా కూడా ఎదురుచూడలేదు.

డెల్విన్ అభ్యంతరం మాత్రం రికార్డులో ఉండిపోయింది. ఆ మార్చి నెలంతా పోస్టుమాస్టరు దక్షిణం ముద్ర ఉన్న కవరు తెస్తే ఆ విచారణ చెల్లదన్న మాట ఉంటుందేమోనని హిల్యా దాన్ని వెంటనే విప్పేది కాదు. ఉదయం వచ్చినదాన్ని మధ్యాహ్నం విప్పేది. వాటిలో ఆ సంగతి ఎన్నడూ రాలేదు.

తర్వాత మరో ఆలోచన పట్టుకుంది. ఒకసారి వదిలేసిన చెయ్యి ఇంకెన్నిసార్లు వదిలేసిందో? వారెంట్లు, జ్యూరీ పిలుపులు, శిక్ష పడి జైలుకు పంపిన కాగితాలు అన్నీ అదే అచ్చువి. పంతొమ్మిదేళ్ల కట్టలను అలమారలోంచి దించి, ఒక్కో కాగితం నెత్తినా వేలుపెట్టి చూసింది. ఏప్రిల్ చివరికి ఆఖరి కట్ట అయింది. ఒక్క తప్పూ దొరకలేదు. టోబయస్ ఆమెను అభినందించి, ఇక ఇంటికి వెళ్లి నిద్రపొమ్మన్నాడు.

సరస్సులో మంచు కరిగాక, మే మొదటి సోమవారం, ఆమె మళ్లీ మొదటి కట్ట తాడు విప్పింది.